వర్చువల్ సర్వర్ సెట్టింగులు మార్చబోయే ముందు

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మడికొండలోని మీ ఆఫీసులో ఎఫ్5 లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచే పరికరం) పని నీ చేతికి వచ్చిందనీ, శనివారం రాత్రి దానిలోని ఒక వర్చువల్ సర్వర్ (క్లయింట్లు కనెక్ట్ అయ్యే అడ్రసు, పోర్టు) సెట్టింగులు మార్చాల్సి ఉందనీ రాశావు. సంతోషం.

అన్నిటికన్నా ముందు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. నువ్వు అప్‌డేట్ నొక్కగానే కొత్త సెట్టింగు సాధారణంగా ఆ తరువాత వచ్చే కనెక్షన్లకే వర్తిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్నవి మూసుకునేదాకా పాత పద్ధతిలోనే నడుస్తాయి. డిఫాల్ట్ టీసీపీ ప్రొఫైల్‌లో (కనెక్షన్లు ఎలా నడవాలో చెప్పే సెట్టింగుల గుంపులో) ఐడిల్ టైమౌట్ 300 సెకన్లు కాబట్టి కదలిక లేని కనెక్షన్ కూడా అయిదు నిమిషాలు నిలిచి ఉంటుంది, డేటా పోతూనే ఉన్నది గంటల తరబడి ఉండవచ్చు. అందువల్ల ముందే తెరిచిపెట్టుకున్న బ్రౌజర్‌లో పేజీ వచ్చిందని "అయిపోయింది" అని మెయిల్ పెట్టకు. కొత్త కనెక్షన్‌తో, వీలైతే వేరే నెట్‌వర్క్ నుంచి పరీక్షించి, కనెక్షన్ టేబుల్‌లో (తెరిచి ఉన్న కనెక్షన్ల జాబితాలో) పాతవి తగ్గిపోయేదాకా కూర్చో.

స్నాట్ (సర్వర్‌కు పంపేటప్పుడు క్లయింటు అడ్రసు బదులు వేరే అడ్రసు పెట్టడం) జోలికి పోతే మరింత జాగ్రత్త అవసరం. ఆటోమ్యాప్ (లోడ్ బ్యాలెన్సర్ తన సొంత అడ్రసునే పెట్టే స్నాట్ రకం) తీసివేస్తే సర్వర్‌కు క్లయింటు అసలు అడ్రసు కనబడుతుంది, కానీ ఆ సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే లోడ్ బ్యాలెన్సర్ కాకపోతే జవాబు వేరే దారిన పోయి కనెక్షనే నిలబడదు. ఆటోమ్యాప్ పెడితే ఆ చిక్కు ఉండదు గానీ, సర్వర్ లాగుల్లో అందరి అడ్రసూ ఒక్కటే కనిపించి, ఐపీని బట్టి అనుమతులిచ్చే అప్లికేషన్ వాళ్లు మరునాడు పొద్దున్నే నీ సీటు దగ్గరికి వస్తారు. వెబ్ ట్రాఫిక్ అయితే హెచ్‌టీటీపీ ప్రొఫైల్‌లో క్లయింటు అసలు అడ్రసును మోసుకెళ్లే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ పెట్టించి, వాళ్లు దాన్ని చదువుతున్నారో లేదో ముందే అడుగు. ఇటువంటి మార్పు వాళ్లూ, ఫైర్‌వాల్ వాళ్లూ ఫోన్ ఎత్తే రాత్రే పెట్టుకోవాలి. సగం టీమ్ మేడారంలో ఉండే జాతర వారంలో మాత్రం వద్దే వద్దు.

యూసీఎస్ బ్యాకప్ (పరికరం మొత్తం కాన్ఫిగరేషన్ ప్రతి) తప్పక తీసుకో, అయితే వెనక్కి పోవడానికి దాని మీదే ఆధారపడకు; దాన్ని రీస్టోర్ చేస్తే ఆ తరువాత మిగతావాళ్లు చేసిన మార్పులూ పోతాయి. ఆ ఒక్క వర్చువల్ సర్వర్ పాత కాన్ఫిగరేషన్‌ను వేరుగా ఒక ఫైల్‌లో దాచుకో. మార్పు ఎప్పుడూ జంట పరికరాల్లో ట్రాఫిక్ నడుపుతున్న యాక్టివ్ డివైజ్‌లోనే చేసి, దాన్ని రెండోదానికి సింక్ చేసేటప్పుడు దిశ రెండుసార్లు చూసుకో, ఎందుకంటే ఖాళీగా సిద్ధంగా ఉండే స్టాండ్‌బై వైపు నుంచి తోస్తే నీ పనంతా పాతదానితో చెరిగిపోతుంది.

ఆ పాత కాన్ఫిగరేషన్ ఫైల్‌లో అడ్రసులు తీసేసి, నువ్వు మార్చబోయే వరుసలకు గుర్తుపెట్టి శుక్రవారంలోగా నాకు చూపించు.

ఇట్లు,
నీ మేనమామ