తాబేలు ఒక పద్దులో, వల ఇంకో పద్దులో

(అటవీశాఖ డివిజన్ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరై, ప్రస్తుతం బరంపురంలో ఉంటున్న మా కాలమిస్టు ప్రభుత్వ ఖర్చులపై పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: సార్, మాది గోపాల్‌పూర్ పక్కన తెలుగువాళ్ల పల్లె. తాబేళ్ల కోసమని నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది మొగ దగ్గర వేట ఆపేస్తారు. కాంపా (అడవి పోయినందుకు పరిహారంగా కట్టించుకునే నిధి) కింద ఒడిశాకి వేల కోట్లు వచ్చాయని పేపర్లో చదివాను. అంత డబ్బుంటే, వల చుట్టి ఇంట్లో కూర్చున్న మా నాన్నకిచ్చే సాయం ఇంత తక్కువేంటి? అదైనా ఎప్పుడు పడుతుందో తెలీదు. — డిగ్రీ విద్యార్థిని

జవాబు: నువ్వు చదివింది నిజమే అమ్మా. 2019 ఆగస్టులో కేంద్రం 27 రాష్ట్రాలకు కలిపి 47,436 కోట్లు పంచింది. అందులో అందరికంటే ఎక్కువ, 5,900 కోట్లు పైచిలుకు, ఒడిశాకే వచ్చింది. గనికో, డ్యాముకో, రోడ్డుకో అడవి ఇచ్చినప్పుడల్లా ఆ కంపెనీ దగ్గరో ఆ శాఖ దగ్గరో కట్టించుకున్న సొమ్మది. మనకు కియోంఝర్, సుందర్‌గఢ్ ఇనుప గనులున్నాయి కాబట్టి మనకే ఎక్కువ. అడవి ఎక్కువ పోగొట్టుకున్నవాడికి ఎక్కువ డబ్బు, అంతే. సుప్రీంకోర్టు పుణ్యమా అని ఏళ్ల తరబడి ఢిల్లీలో పోగుపడి, 2016 చట్టం తర్వాత దారిన పడింది. 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి.

ఆ డబ్బు మామూలు ఖజానాలో కలవదు. విడిగా ఉంటుంది, వడ్డీ వస్తుంది, మార్చి 31కి మురిగిపోదు. మార్చి నెలాఖరంటే మా ఆఫీసులో అన్ని పద్దులకీ టెన్షనే, దీనికి మాత్రం ఉండేది కాదు. కానీ ఏటా ప్లాను రాసి ఢిల్లీ దాకా పంపి ఆమోదం తెచ్చుకోవాలి. దేనికి ఖర్చు పెట్టొచ్చో రూల్సులో జాబితా ఉంది: మొక్కలు నాటడం, అడవి కాపలా, జంతువుల ఆవాసాలు, అలాంటివి. సముద్రంలో వేట ఆగినందుకు ఇచ్చే సాయం ఆ జాబితాలో లేదు. మీ నాన్నగారికి ఆ కోట్లతో సంబంధం లేదన్నమాట.

మరి తాబేలు డబ్బు ఎక్కడుంది? కొంత రాష్ట్ర అటవీశాఖ సొంత బడ్జెట్లో ఉంటుంది. తీరంలో క్యాంపులు, గస్తీ పడవలు, కుక్కలు రాకుండా వేసే కంచె, రోజుకూలీలు, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. ఇంకొంత కేంద్రం వన్యప్రాణి ఆవాసాల పథకం నుంచి, 60:40 లెక్కన. కేంద్రం అరవై పంపితే రాష్ట్రం నలభై కలపాలి. ఒడిశాలోనే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇంకో తీరం గహిర్‌మఠ 1997 నుంచి అభయారణ్యం. మన రుషికుల్య తీరానికి ఆ హోదా లేదు. అయినా సముద్ర తాబేళ్లు ఆ పథకంలో ప్రత్యేకంగా కాపాడాల్సిన జాతుల జాబితాలో ఉన్నాయి కాబట్టి ఆ దారిన అడగొచ్చు.

మీ నాన్నగారి సాయం అటవీశాఖది కాదు, మత్స్యశాఖది. ఇక్కడ చాలామంది రెండు నిషేధాల్ని కలిపేస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా ఉండేది చేపల గుడ్ల కోసం పెట్టిన నిషేధం. దానికి మత్స్య సంపద యోజన కింద మీరు 1,500 దాచుకుంటే, కేంద్రం, రాష్ట్రం చెరి సగం వేసి 3,000 కలిపి, మొత్తం 4,500 మూడు నెలలకు సర్ది ఇస్తాయి. తాబేళ్ల నిషేధానికి రాష్ట్రం ఇచ్చేది వేరే. బ్యాంకు పాసుబుక్కులో రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ, ఫైళ్లు వేరు.

ఆలస్యం దగ్గరికి వస్తే, అసలు చిక్కు క్యాలెండర్లో ఉంది. తాబేలు సీజను నవంబర్‌లో మొదలై మేలో ముగుస్తుంది. ఖజానా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య ఒడ్డున దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అవి పొదగడానికి 45 నుంచి 50 రోజులు. పిల్లలు బయటికొచ్చేది సరిగ్గా పాత కేటాయింపు ముగిసి, కొత్తది ఇంకా చేతికి అందని రోజుల్లో! కాపలా కూలీల బిల్లులు ఏప్రిల్‌లో బల్లమీద పేరుకోవడం నేను చూశాను. మీ సాయమూ ఈ సందులోనే ఇరుక్కుంటుంది. రెండు శాఖలు, రెండు ఏడాదులు.

నన్నడిగితే, వేట ఆపినందుకిచ్చే సాయాన్ని కంచె ఖర్చు, గస్తీ డీజిలు ఖర్చు పక్కనే, తాబేళ్ల రక్షణ ఖర్చుగానే రాయాలి. కంచెకి డబ్బులు నవంబర్‌లో కావాలని అటవీశాఖకు తెలుసు. మీ ఇంట్లో బియ్యానికీ నవంబర్‌లోనే కావాలి. దాన్ని దానంలా ఇంకో శాఖ ద్వారా ఆలస్యంగా ఇవ్వడం నాకు నచ్చదు.

ఇప్పటికి నువ్వు చేయగలిగింది ఒకటుంది. సమాచార హక్కు కింద జిల్లా మత్స్యశాఖకి రెండే రెండు ప్రశ్నలు రాయి: మంజూరు ఉత్తర్వు తేదీ ఏది, ఖాతాల్లో జమ చేసిన తేదీ ఏది? 'ఎందుకు' అని అడగకు, తేదీలు అడుగు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మిస్సోరీలో ఉంటాడు. చేపలు పట్టడానికి లైసెన్స్ కొన్నాడట. ఆ డబ్బు చేపలకే వాడతారట, ఇంకెక్కడా వాడరట. మన దగ్గర ఎందుకు లేదు? — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: నిజమే మాస్టారూ. 1937లో అక్కడ ఒక చట్టం చేశారు. తుపాకులు, తూటాల మీద పన్ను వసూలు చేసి వన్యప్రాణుల పనులకు రాష్ట్రాలకు పంచుతారు. 1950లో చేపల గేలాల మీద అలాంటిదే ఇంకోటి. పని ఖర్చులో నాలుగింట మూడొంతులు కేంద్రానిది. షరతు ఒక్కటే: లైసెన్స్ ఫీజుల్ని రాష్ట్రం వన్యప్రాణి శాఖ పనులకు తప్ప మరో పనికి మళ్లించకూడదు. మళ్లిస్తే కేంద్రం డబ్బు ఆగిపోతుంది. మిస్సోరీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి 1976లో ఓటేసి అమ్మకం పన్నులో చిన్న వాటా, నూరు డాలర్ల సరుకుకి పన్నెండున్నర సెంట్లు, దీనికే రాసుకున్నారు.

మన పడవ లైసెన్స్ ఫీజు రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది. తర్వాత ఎవరికెంతో అసెంబ్లీ ఓటేస్తుంది. కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికెంత వాటా అని లెక్కకట్టిన 15వ ఆర్థిక సంఘం అడవికి 10 శాతం మార్కులిచ్చింది. అది చిక్కటి అడవికి. సముద్రానికి మార్కుల్లేవు. వచ్చిన డబ్బు అడవికే పెట్టాలని షరతూ లేదు.

అమెరికా పద్ధతిని నేను ఆకాశానికెత్తను. వేటగాళ్లు డబ్బు కడితే వాళ్లు వేటాడే జంతువుకే ముందు ఖర్చవుతుంది. కప్పకి లైసెన్స్ ఎవరు కొంటారు? మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువుల వేటనే ఆపేసింది, కాబట్టి ఆ దారి మనకు ఎలాగూ లేదు.

ప్రశ్న: సార్, తాడోబా సఫారీ టికెట్ల పైసలల్ల మా సిరొంచ దిక్కు ఏమన్న వస్తదా? పందులు మా పొలం నాశనం చేస్తున్నయ్. — రైతు, సిరొంచ తాలూకా

జవాబు: రాదండి. తాడోబా లాంటి పులుల అభయారణ్యానికి 2006 వన్యప్రాణి చట్ట సవరణ ప్రకారం సొంత ఫౌండేషన్ ఉంటుంది. టికెట్ల డబ్బు ఆ అడవికి, దాని చుట్టూ ఉన్న ఊళ్లకే. మీ పక్క ప్రాణహిత అభయారణ్యం ఉన్నా అది పులుల రిజర్వు కాదు, మామూలు బడ్జెట్టే. పంట నష్టం మహారాష్ట్ర అటవీశాఖ ఇస్తుంది, అడవిపందికీ వర్తిస్తుంది. పాడైన చేను అలాగే ఉంచి, ఫోటోలు తీసి, ఆలస్యం చేయకుండా రేంజ్ ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. పంచనామాకి వచ్చేలోగా దున్నేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.