పాప మెమో గురించి తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. పాప పదో తరగతి మార్కుల మెమో చూసి నిన్న రాత్రి నువ్వు చేసిన ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "తెలుగులో 95 వస్తే ఏ2, లెక్కల్లో 92కి ఏ1. ఇదెక్కడి న్యాయం అన్నయ్యా" అన్నావు. వెనక నుంచి పాప ఏడుపు వినిపించింది. ఇన్నేళ్లు లెక్కల మాస్టారుగా చేసి, ప్రతి వేసవీ పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నవాణ్ణి. ఫోన్‌లో సగం సగం చెప్పడం ఇష్టంలేక రాస్తున్నాను. ఇది పాపతో కూడా చదివించు.

ఇక్కడ తప్పేమీ జరగలేదు. నేను దిద్దిన స్టేట్ బోర్డు పరీక్ష వేరు, పాప రాసిన సీబీఎస్ఈ, అంటే కేంద్ర బోర్డు పరీక్ష వేరు. ఏ1, ఏ2 అనే గ్రేడ్ల పేర్లు రెండు చోట్లా ఒకటే కావడంతో వచ్చిన తికమక ఇది.

మన స్టేట్ బోర్డులో గీతలు ముందే గీసి ఉంటాయి. 91, ఆపైన వస్తే ఏ1, 81 నుంచి 90 దాకా ఏ2, ఆ కింద పదేసి మార్కులకి ఒక మెట్టు. హిందీకి మాత్రం వేరే లెక్క, అక్కడ 90కే ఏ1, 20 వస్తే పాస్. రాష్ట్రంలో పిల్లలందరికీ 91, ఆపైన వస్తే అందరూ ఏ1లే. సీబీఎస్ఈలో గీతలుండవు, వరస ఉంటుంది. ఒక్కో సబ్జెక్టులో పాసైన పిల్లలందర్నీ మార్కుల ప్రకారం నిలబెట్టి ఎనిమిది భాగాలు చేస్తారు. ముందున్న ఎనిమిదో వంతుకి ఏ1, వాళ్ల వెనక ఎనిమిదో వంతుకి ఏ2, అలా డి2 దాకా. ఒకే మార్కు వచ్చినవాళ్లని విడదీయరు కాబట్టి భాగాలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఒక సబ్జెక్టులో 8,000 మంది పాసయ్యారనుకో. ముందున్న వెయ్యిమందికి ఏ1. ఆ వెయ్యిమందికీ 96, ఆపైన వచ్చి ఉంటే 95 వచ్చిన పిల్ల రెండో వెయ్యిలో నిలబడుతుంది. పాపకి తెలుగులో జరిగింది ఇదే. లెక్కల్లో అంత ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లు తక్కువ కాబట్టి 92తోనే ముందు భాగంలోకి వచ్చింది. పాపకి తెలుగు రాక కాదు తమ్ముడూ, తెలుగు రాసిన పిల్లలందరికీ బాగా వచ్చాయి. ఈ ఒక్క మాట దానికి అర్థమయ్యేలా చెప్పు, సగం దుఃఖం తీరుతుంది.

పక్కింటి అబ్బాయి అప్పట్లో 10 జీపీఏ తెచ్చుకున్నాడని పాపతో పోల్చావు చూడు, అది నాకు బాధేసింది. జీపీఏ ఎలా వేసేవాళ్లో చెబుతా విను. 2012 నుంచి స్టేట్ బోర్డులో ఏ1కి 10 పాయింట్లు, ఏ2కి 9, ఇలా ఆరు సబ్జెక్టుల పాయింట్లు కలిపి ఆరుతో భాగించేవాళ్లు. ఒక పిల్లాడికి ఆరింటిలోనూ 91 చొప్పున వస్తే మొత్తం 546, జీపీఏ 10. ఇంకో పిల్లకి అయిదింటిలో నూటికి నూరు, లెక్కల్లో 90 వస్తే మొత్తం 590, జీపీఏ 9.8. 44 మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పిల్ల వెనకబడినట్టు కనిపించేది! ఆ రోజుల్లో మెమో మీద మార్కులు ఉండేవి కావు, అడిగిన తల్లిదండ్రులకి చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. తెలంగాణలో 2025 నుంచి మళ్లీ మార్కులు ఇస్తున్నందుకు నాకు నిజంగా సంతోషం.

పర్సెంటేజీ ఎంత అని చుట్టాలు అడుగుతున్నారన్నావు. సీబీఎస్ఈ పర్సెంటేజీ వెయ్యదు, డివిజన్ గానీ డిస్టింక్షన్ గానీ ఇవ్వదు. కావాలంటే చేరబోయే కాలేజీ వాళ్లు చూసుకుంటారు. చుట్టాల కోసం నువ్వు కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోకు.

నాకు ఆగి చూడాలనిపించింది సోషల్ ఒక్కటే. మొత్తం 78లో స్కూలు వేసే ఇంటర్నల్ 20కి 19 ఉన్నాయి, అంటే రాత పరీక్షలో 80కి 59. చాలా బాగా రాశానంటోంది కాబట్టి ఆ ఒక్క పేపరుకి జవాబుపత్రం నకలు తెప్పించు. గడువు తక్కువ రోజులుంటుంది, బోర్డు వెబ్‌సైట్‌లో తేదీ ఇవాళే చూడు. నకలు చూడకుండా రీవాల్యుయేషన్‌కి, అంటే పేపరు మళ్లీ దిద్దించడానికి మాత్రం డబ్బు కట్టొద్దు. మార్కులు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. తగ్గినా ఆ తగ్గినవే ఖాయం.

దిద్దేవాళ్లు కావాలని ఎవరి మార్కులూ కొయ్యరు. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం కూడికలోవే. నేను చీఫ్ ఎగ్జామినర్‌గా ఉన్నప్పుడు ఒక లెక్కల పేపర్లో అడిషనల్ షీట్ మీద వేసిన 8 మార్కులు మొదటి పేజీకి ఎక్కలేదు. అవి లేకపోతే ఆ బిడ్డ ఫెయిల్. అప్పట్నించి నేను పేపరు చివరి కాగితం దాకా తిప్పకుండా సంతకం పెట్టలేదు. నకలు రాగానే నువ్వూ అలాగే చూడు: ప్రతి జవాబుకీ మార్కు పడిందా, అన్నీ మొదటి పేజీకి ఎక్కాయా, కూడిక సరిగ్గా ఉందా.

అది చేతికొచ్చాక ఒక ఆదివారం పాపని తీసుకుని రా, ముగ్గురం కూర్చుని ఒక్కో జవాబూ చూద్దాం. మీ వదిన ఇప్పటికే పాప కోసం బొబ్బట్లు అంటోంది.

ఇట్లు,
నీ అన్నయ్య