దత్తత తీసుకున్న నాలుగేళ్ల పాపతో యూరప్: వెళ్లండి, కానీ ఊళ్లు తగ్గించుకోండి

మీరు అడిగింది ఇదీ: పాపకి నాలుగేళ్లు, మీ ఇంటికొచ్చి ఏడాది దాటింది, వేసవిలో యూరప్ తీసుకెళ్దామనుకుంటున్నారు, ఇంట్లో పెద్దవాళ్లేమో ఇప్పుడే ఎందుకంటున్నారు. కాగితాల దగ్గర ఇబ్బంది వస్తుందా, ఏ దేశాలు పెట్టుకోవాలి, పాప తట్టుకుంటుందా అని మీ టెన్షన్. మా బాబు శిశుగృహ నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు వాడికి మూడేళ్లు. ఐదేళ్లు నిండాక వాడితో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వెళ్లాం, తర్వాత నెదర్లాండ్స్ కూడా చూసొచ్చాం. అందుకని నాకు తెలిసింది కాస్త వివరంగానే రాస్తున్నాను.

వెళ్లండి. అయితే ఒక్క విషయం ముందు మనసులో పెట్టుకోండి, మిగతా ప్లానింగ్ అంతా దాన్నిబట్టే నడుస్తుంది. బట్టలు సర్దుకుని ఒక చోటి నుంచి బయల్దేరితే మళ్లీ అక్కడికే తిరిగొస్తామన్న నమ్మకం మన పిల్లలకి పుట్టుకతో రాలేదు. వాళ్లు బయల్దేరిన ప్రతిసారీ వెనక్కి వెళ్లింది లేదు. పుట్టిన చోటి నుంచి శిశుగృహకి, అక్కడి నుంచి మనింటికి. మనం "ట్రిప్" అంటున్నాం, పాపకి మాత్రం అది ఇంకోసారి ఇల్లు మారడంలా అనిపించవచ్చు. మేము అటక మీద నుంచి సూట్‌కేసు దింపిన రోజు మావాడు ఏడవలేదు, ఏమీ అడగలేదు. బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు, రాత్రి పడుకునేటప్పుడు కూడా విప్పనన్నాడు. వాడి సామాన్లన్నీ వాడే ఒక కవర్లో పెట్టుకున్నాడు. ఎక్కడికి పంపించినా రెడీగా ఉండాలన్నట్టు.

అందుకే పెద్ద ప్రయాణానికి ముందు ఒక చిన్న ప్రయాణం చేయండి. దగ్గర్లో ఎక్కడికైనా, ఒకటి రెండు రాత్రులు చాలు. అదే సూట్‌కేసు, అదే బ్యాగు తీసుకెళ్లండి. వెళ్లడం ముఖ్యమే కానీ తిరిగొచ్చి తాళం తీసి, పాప మంచం, పాప కంచం ఎక్కడివక్కడే ఉన్నాయని చూపించడం అంతకంటే ముఖ్యం. మేమింకో పని చేశాం. వాడికి ఇష్టమైన బొమ్మల్లో ఒకదాన్ని తీసుకెళ్లి, ఒకదాన్ని వాడి మంచం మీదే పడుకోబెట్టి వెళ్లాం. వాళ్ల అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంది కాబట్టి రోజూ వీడియో కాల్‌లో ఆ ఎలుగుబంటి బొమ్మని చూపించేది. దాన్ని చూసి పలకరించాకే వాడు కుదురుగా తినేవాడు. ఇంకా ఒక చిన్న ఫొటో పుస్తకం చేసుకోండి: విమానం, మీరు దిగే ఇల్లు, రైలు, మళ్లీ విమానం, చివరి పేజీలో మీ సొంత ఇంటి గుమ్మం. చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదివినా అడ్డు చెప్పకండి, మావాడు చాలాసార్లు అలాగే చదివించుకున్నాడు.

ఇప్పుడు అసలు ప్లాను. మనవాళ్లు ఎక్కువగా తీసుకునే గ్రూప్ ప్యాకేజీలు ఈ పిల్లలకి పనికిరావని నా గట్టి అభిప్రాయం. పొద్దున్నే బస్సు ఎక్కడం, రోజుకో ఊరు, దాదాపు రాత్రికో హోటలు. పెద్దవాళ్లకే మూడో రోజుకి ఏ గదిలో ఉన్నామో గుర్తుండదు. పైగా బస్సు నిండా మనవాళ్లే కాబట్టి "పాపది ఎవరి పోలికండీ?" అన్న ప్రశ్న తప్పదు, అదీ పాప ముందే. ఈ ప్రశ్నలు యూరప్ వాళ్లు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు, అడిగినవాళ్లంతా మనవాళ్లే. సొంతంగా వెళ్లండి, రెండు ఊళ్లకి మించి దిగకండి. హోటలు గది కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంటు మంచిది. ఇంట్లో పాప కప్పుకునే దుప్పటి, దిండు కవరు ఉతక్కుండా తీసుకెళ్లండి, ఇంటి వాసన ఉంటే నిద్ర పడుతుంది. కొత్త ఇంట్లోకి వెళ్లగానే ముగ్గురూ ఎక్కడెక్కడ పడుకుంటారో ముందు చూపించండి, ఊరు తర్వాత చూడొచ్చు.

మేము ఆస్ట్రియాలో వియన్నాలోనూ, స్విట్జర్లాండ్‌లో లూసర్న్‌లోనూ ఉన్నాం, రెండూ చిన్నపిల్లలతో చాలా హాయైన ఊళ్లు. వియన్నాలో ట్రాములు ఉన్నాయి, ఆరేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. షోన్‌బ్రున్ ప్యాలెస్ ఆవరణలోని జూ 1752లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తున్న జూలలో ప్రపంచంలోనే పాతది. మేము ప్యాలెస్ లోపలికి వెళ్లనే లేదు, జూకి మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లాం. ఒకసారి చూసిన చోటికే మర్నాడు కూడా వెళ్లడం మీకు డబ్బు దండగ అనిపించవచ్చు, కానీ ఈ పిల్లలకి తెలిసిన దారి, తెలిసిన గేటు, తెలిసిన బెంచీ చాలా పెద్ద సుఖం. ప్రాటర్ పార్కులో 1897 నాటి పెద్ద జెయింట్ వీల్ ఉంది, చాలా నెమ్మదిగా తిరుగుతుంది, క్యాబిన్లో నిలబడి చూడొచ్చు, అందుకే మావాడు భయపడలేదు.

లూసర్న్‌లో రైళ్లు, విమానాలు, పాత ఇంజన్లతో పెద్ద రవాణా మ్యూజియం ఉంది, ఒక రోజంతా అక్కడే గడిచిపోతుంది. సరస్సులో పడవెక్కి విట్స్‌నావ్‌లో దిగితే అక్కడి నుంచి రిగి కొండ మీదికి పళ్లచక్రం రైలు వెళ్తుంది. 1871లో మొదలైన ఆ లైను యూరప్‌లో మొట్టమొదటి కొండ రైలు. స్విట్జర్లాండ్‌లో కూడా ఆరేళ్ల లోపు వాళ్లకి రైళ్లు ఉచితమే. అక్కడి రెండంతస్తుల ఇంటర్‌సిటీ రైళ్లలో పిల్లలున్న కుటుంబాలకి ఒక బోగీ ఉంటుంది, పై అంతస్తులో ఆడుకునే చోటు కూడా. జ్యూరిక్ నుంచి వియన్నాకి నేరుగా వెళ్లే రైలులో ఫ్యామిలీ సీట్లున్న భాగం ఉంది, పిల్లలకి చిన్న తెర మీద సినిమా వేస్తారు. ప్రయాణం ఎనిమిది గంటల దాకా పడుతుంది, అయినా విమానం కంటే రైలే తేలికనిపించింది. సెక్యూరిటీ లైన్లు లేవు, చేయి వదిలేయాల్సిన సందర్భం రాదు, లేచి తిరగొచ్చు.

పారిస్ తర్వాత ఎప్పుడైనా వెళ్లండి. పాత మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదు (14వ లైనుకి ఉంది), స్ట్రోలర్ ఎత్తుకుని మెట్లు దిగుతూ రద్దీలో పాప చేయి పట్టుకోవడం కష్టం.

వేసవి అన్నారు కాబట్టి ఒక మాట. జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ పారిస్‌లోనూ రాత్రి పది అయితే గానీ సూర్యుడు అస్తమించడు. చీకటి పడ్డాక స్నానం, పాలు, కథ, నిద్ర అని అలవాటైన పిల్లకి ఆ వెలుతుర్లో ఇది రాత్రి అని నమ్మకం కుదరదు. దానికితోడు వేసవిలో వియన్నాకీ మనకీ మూడున్నర గంటల తేడా, ఇక్కడ ఏడింటికి లేచే పిల్ల అక్కడ తెల్లవారుజాము మూడున్నరకే లేస్తుంది. వీలైతే మే మొదట్లో గానీ సెప్టెంబర్లో గానీ వెళ్లండి, నల్లటి కర్టెన్లున్న ఇల్లు చూసుకోండి. మొదటి రెండు రోజులు ఏ టికెట్టూ బుక్ చేయొద్దు.

తిండి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒకప్పుడు ఆకలి చూసిన పిల్లలకి, లేదా తనవంతు వచ్చేదాకా ఎదురుచూసిన పిల్లలకి, తర్వాతి భోజనం ఉంటుందో లేదో అన్న బెంగ కొత్త చోటికి వెళ్లగానే తిరిగొస్తుంది. హోటల్లో టిఫిన్ దగ్గర మావాడు జేబుల నిండా బ్రెడ్డు కుక్కుకునేవాడు. తిట్టకండి, లాక్కోకండి. పాప చేతికే ఒక చిన్న డబ్బా ఇచ్చి అందులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేలా చూడండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోనివ్వండి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, జర్మనీల్లో ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవి తెరిచి ఉంటాయి. చాలా హోటళ్లలో మధ్యాహ్నం భోజనం అయ్యాక సాయంత్రం దాకా వంట ఉండదు. మామూలు పిల్లలకి అది కాసేపు చికాకు, మన పిల్లలకి పెద్ద భయం. శనివారమే బియ్యం, పాలు, పెరుగు, పళ్లు తెచ్చి పెట్టుకోండి. పెరుగన్నం దొరికితే సగం గొడవలు రావు.

పాప ఒంటికి ఏది పడుతుందో ఏది పడదో కుటుంబ చరిత్ర మనకి తెలియదు కదా, జీడిపప్పు, వేరుశనగ, చేపల్లాంటివి ఇంతకుముందు తినకపోతే వాటిని అక్కడ మొదటిసారి పెట్టొద్దు. యూరోపియన్ యూనియన్‌లో ప్యాకెట్ల మీద 14 రకాల అలెర్జీ పదార్థాలని ప్రత్యేకంగా కనబడేలా ముద్రించాలని రూలు ఉంది, హోటళ్లలో అడిగినా చెప్పాలి. మీ పిల్లల డాక్టరు చేత ఒక కాగితం రాయించుకోండి: వేసిన టీకాలు, వాడే మందులు, దత్తత తీసుకున్న పాప, కుటుంబ ఆరోగ్య చరిత్ర తెలియదు అని. వియన్నాలో వాడికి జ్వరం వస్తే డాక్టరుకి ఆ కాగితం ఇచ్చాం, వాడి ముందు నోటితో ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అక్కడ ఏ అత్యవసరానికైనా 112 నంబరు, స్విట్జర్లాండ్‌లో కూడా పనిచేస్తుంది.

కాగితాలు. దత్తత ఆర్డర్ చేతికొచ్చాకే మీరు చట్టప్రకారం తల్లిదండ్రులు, దానికి ముందు ఫాస్టర్ కేర్‌లో (ఆర్డర్ వచ్చేలోపు పాప మన దగ్గర ఉండే కాలం) ఉన్నప్పుడు విదేశీ ప్రయాణం ఆలోచన పెట్టుకోకండి. 2022 సెప్టెంబర్ నుంచి ఆ ఆర్డర్ కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. దాంతో మీ పేర్లతో బర్త్ సర్టిఫికెట్ తీసుకుని, ఆ తర్వాత పాస్‌పోర్టు. మూడింటిలో పాప పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు పెట్టాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ఆరేళ్ల లోపు వాళ్లకి ఫీజు లేదు, వీసా సెంటర్ సర్వీసు చార్జీ మాత్రం వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పన్నెండేళ్ల లోపు వాళ్ల వేలిముద్రలు తీసుకోరు. ఇద్దరిలో ఒకరే తీసుకెళ్తుంటే రెండోవాళ్ల అంగీకార పత్రం తప్పనిసరిగా పెట్టుకోండి. మాకు అన్నిచోట్లా బర్త్ సర్టిఫికెటే సరిపోయింది, దత్తత ఆర్డర్ కాపీ వేరే కవర్లో అడుగున పెట్టాం, అడిగితేనే తీద్దామని. కౌంటర్ దగ్గర మనమే ముందు "దత్తత తీసుకున్నామండీ" అని చెప్పాల్సిన అవసరం లేదు. అది పాప కథ, లైన్లో ఉన్న అందరికీ వినిపించేది కాదు. దత్తత తర్వాత రెండేళ్లు ఆరు నెలలకోసారి ఫాలో-అప్ రిపోర్టు ఉంటుంది కదా, మీ తేదీలు దానికి అడ్డం పడకుండా సోషల్ వర్కర్‌కి ముందే ఒక మాట చెప్పండి.

ఇమిగ్రేషన్ దగ్గర ఆఫీసర్ పాపని నేరుగా "నీ పేరేంటి?" అని అడగొచ్చు. శిశుగృహలో పిలిచిన పేరు వేరైతే కంగారులో పాప ఆ పేరే చెప్పే అవకాశం ఉంది. మావాడు రెండూ చెప్పాడు! ఆఫీసర్ నవ్వి వదిలేశారు. పాత పేరు మరచిపొమ్మని పాపకి చెప్పకండి, "పుస్తకంలో ఉన్న పేరు" అని పాస్‌పోర్టు చూపిస్తూ ఆటలా ఆడించండి, అదే చాలు. 2025 అక్టోబర్ 12 నుంచి అక్కడ పాస్‌పోర్టు మీద ముద్రకి బదులు కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి మొదలైంది, చిన్నపిల్లలకి కూడా మొహం ఫొటో తీస్తారు. కొత్తవాళ్లు ఫొటో తీస్తే బెదిరే పిల్లలైతే ఇంట్లోనే ముందు చెప్పి ఉంచండి. సెక్యూరిటీ స్కానర్ దగ్గర ముందు మీరో మీవారో వెళ్లి అవతల నిలబడండి, తర్వాత పాప, వెనక రెండోవాళ్లు. రెండు వైపులా తనవాళ్లే కనబడాలి.

ఎవరు చేయి చాపినా వెళ్లిపోయే అలవాటు పాపకి ఇంకా ఉంటే మాత్రం హోటళ్లలో పిల్లల క్లబ్బులు, అక్కడి బేబీ సిట్టర్లు వద్దే వద్దు. ట్రిప్ మొత్తం తిండి పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి.

ఇంతకీ పాప రెడీగా ఉందా అన్నదానికి నెలల లెక్క చూడకండి. దెబ్బ తగిలితే మీ దగ్గరికే పరిగెత్తుకొస్తోందా, రాత్రి మెలకువ వస్తే మిమ్మల్ని పిలుస్తోందా, మీరు కాసేపు బయటికెళ్లి వస్తే ఏడ్చినా తర్వాత సర్దుకుంటోందా చూడండి. ఇవి ఉంటే పెద్దవాళ్లకి ధైర్యంగా చెప్పండి. లేకపోతే ఒక ఏడాది ఆగండి, ఆరు దాటితే వీసా ఫీజు పడుతుందని తొందరపడొద్దు.

తిరిగొచ్చాక వెంటనే స్కూలుకి పంపకుండా వారం రోజులు ఖాళీ పెట్టుకోండి. మావాడు అక్కడ బాగానే ఉండి, ఇంటికొచ్చాక కొన్నాళ్లు పక్క తడిపాడు, నన్ను బాత్రూమ్‌కి కూడా వెళ్లనివ్వలేదు, తర్వాత అదే తగ్గిపోయింది. పాస్‌పోర్టు ఇంకా రాకపోతే ముందు ఆ పని మొదలుపెట్టండి, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు మార్పు ఏదైనా పెండింగ్ ఉంటే చెప్పండి, మేము ఏం చేశామో రాస్తాను.