టెక్ సందేహాలు: మెటా ట్యాగ్ ఉన్నా తెలుగు ఎందుకు చెదురుతోంది?

ప్రశ్న: తెలుగులో చేసిన వెబ్ పేజీ నా కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంటోంది. సర్వర్‌లోకి ఎక్కించగానే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోతున్నాయి. మెటా ట్యాగ్‌లో యూటీఎఫ్-8 అనే రాశాను. ఫాంట్లు కూడా మార్చి చూశాను. ఏం చేయాలి?

జవాబు: ఫాంట్ల జోలికి పోకండి. ఈ ఫిర్యాదు ఎప్పుడొచ్చినా నింద ఫాంటు మీదే పడుతోంది. తెర మీది గుర్తులను దగ్గరగా చూడండి. నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ‘ఎ’ (à), పక్కనే డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తుంటే మీ ఫైలు క్షేమం. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. హెక్సాడెసిమల్ లెక్కలో మొదటిది ఈ0, రెండోది బీ0 లేదా బీ1. వాటిని విండోస్-1252 అనే పాత లాటిన్ ఎన్‌కోడింగ్‌గా చదివితే వచ్చేవి ఆ గుర్తులే.

అలా చదవమన్నది మీ సర్వర్. పేజీతో పాటు అది పంపే కంటెంట్-టైప్ హెడర్‌లో చార్‌సెట్ (అంటే ఎన్‌కోడింగ్ పేరు) ఐఎస్‌ఓ-8859-1 అని ఉంటే (బ్రౌజర్లు దాన్నీ విండోస్-1252గానే చదువుతాయి) బ్రౌజర్ మెటా ట్యాగ్‌ను పట్టించుకోదు. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీ రీలోడ్ చేసి, రెస్పాన్స్ హెడర్లు చూడండి. ఫైలును నేరుగా తెరిచినప్పుడు ఆ హెడరే ఉండదు కాబట్టి మీ కంప్యూటర్‌లో ఇబ్బంది రాలేదు.

సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ అయితే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ‘యాడ్‌డీఫాల్ట్‌చార్‌సెట్ యూటీఎఫ్-8’ చాలు. అది హెచ్‌టీఎంఎల్, సాదా టెక్స్ట్ ఫైళ్లకే వర్తిస్తుంది. సీఎస్ఎస్, సబ్‌టైటిల్ ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్ల వారీగా ‘యాడ్‌చార్‌సెట్’ రాయాలి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో సర్వర్ బ్లాక్‌లో ‘చార్‌సెట్ యూటీఎఫ్-8’ పెట్టి రీలోడ్ చేయండి. పీహెచ్‌పీ పంపే పేజీలకు ‘డీఫాల్ట్_చార్‌సెట్’ చూడాలి, 5.6 నుంచి అది యూటీఎఫ్-8గానే వస్తోంది, పాత ఐఎన్ఐ (సెట్టింగ్స్) ఫైలు మోసుకొచ్చినవాళ్లకే తంటా. సైట్లో యూనికోడ్‌కు ముందటి పాత 8-బిట్ ఫాంట్లతో చేసిన పేజీలుంటే ఆ ఫోల్డర్‌ను మాత్రం మినహాయించండి, లేకపోతే అవి చెడిపోతాయి.

తప్పుడు చార్‌సెట్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది అసలు చార్‌సెట్టే లేని పేజీ. హెడర్‌లోనూ, పేజీ మొదటి 1024 బైట్లలోనూ ఆ మాట లేకపోతే బ్రౌజర్ బైట్లను చూసి ఊహిస్తుంది. సెర్చ్ బాక్సులో టైపు చేసినదాన్ని మీ పేజీ తిరిగి చూపిస్తుందనుకోండి. దాడి చేసేవాడు అందులో ఐఎస్‌ఓ-2022-జేపీ అనే జపనీస్ ఎన్‌కోడింగ్ ఎస్కేప్ బైట్లు (ఇక్కడి నుంచి వేరే అక్షరాల పట్టిక వాడమని చెప్పే గుర్తులు) పెడతాడు. యాంగిల్ బ్రాకెట్లు (< >) లేవు కనుక మీ ఫిల్టర్ వదిలేస్తుంది. క్రోమ్ 2025లో ఈ ఎన్‌కోడింగ్‌ను ఊహించడం మానేసింది, కానీ ఇంకా ఊహించే బ్రౌజర్ ఏదైనా అందులోకి జారిందంటే బ్యాక్‌స్లాష్ కాస్తా యెన్ గుర్తయిపోతుంది. స్క్రిప్టులో కొటేషన్‌కు ముందు మీరు కాపలా పెట్టిన బ్యాక్‌స్లాష్ అదే. కొటేషన్ మూసుకుంటుంది, అక్కడి నుంచి వాడి కోడ్ నడుస్తుంది. ‘నోస్నిఫ్’ హెడర్ ఉందిలే అని ధీమా పడకండి. అది ఫైలు రకం ఊహించకుండా ఆపుతుందే తప్ప ఎన్‌కోడింగ్ ఊహను ఆపదు. మెయిన్ టెంప్లేట్లు సరిగ్గా ఉన్న సైట్లలో కూడా ఎర్రర్ పేజీలు, ప్రింట్ పేజీలు ఇలాగే వదిలేసి ఉంటాయి. ముందు వాటినే చూడండి.

ఇప్పటికీ పాత లాటిన్ చార్‌సెట్‌ను డీఫాల్ట్‌గా ఇచ్చే హోస్టింగ్ ప్యానెళ్లు ఉండటం క్షమించరానిది. ఒకప్పుడు చదివేవాళ్లే బ్రౌజర్ మెనూలో ఎన్‌కోడింగ్ మార్చుకునేవాళ్లు. క్రోమ్‌లో ఆ మెనూ తీసేశారు. ఫోన్లో చదివే మనిషి చేయగలిగింది ఏమీ లేదు.

చెదిరిన పాఠాన్ని కాపీ చేసి మళ్లీ డేటాబేస్‌లో సేవ్ చేయకండి, పాడైపోయేది అప్పుడే. హెడర్ మార్చాక సీడీఎన్ (మీ పేజీల కాపీలు దాచుకుని పంపే సర్వర్ల వ్యవస్థ) వాడుతుంటే దాని క్యాష్ ఖాళీ చేయండి, లేకపోతే పాత హెడరే వెళ్తుంటుంది.