ఆ పోలీసు ఉత్తరం తీసెయ్

బిడ్డా,

నీ కథ పెన్సిలు పట్టుకొని చదివాను. కాగితాల అంచుల నిండా నా రాతలే ఉన్నాయి, వాటిని విడిగా పోస్టులో పంపుతున్నాను. తారీకులు, అచ్చుతప్పులు, భీమిలి పల్లెకారుల నోట మన నల్లగొండ మాట దొర్లిన చోట్లు, అన్నీ అందులో గుర్తు పెట్టాను. ఈ ఉత్తరం మాత్రం ఒక్క సంగతి కోసం రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెప్తాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం, విశాఖ మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసిన రోజును నువ్వు యుద్ధంలా రాయలేదు. బండి దొరక్క నెత్తిన మూటలు పెట్టుకొని, మేకలను తోలుకుంటూ, ముసలమ్మను మంచం మీద మోసుకుంటూ జనం లోపలి ఊళ్లకు పోయిన రోజుగా రాశావు. అలాగే రాయాలి. దానికి నెల ముందు, మార్చి 8న, రంగూను పడిపోయింది. మార్చి 23న అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ జపాను చేతికి పోయింది. ఇక వచ్చేది మన ఒడ్డుకే అని అక్కడి వాళ్లకు అనిపించకుండా ఎలా ఉంటుంది? ఆ భయం నీ మొదటి పేజీల్లో నిజంగా ఉంది, చదువుతుంటే నాకూ తగిలింది.

రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూను నుంచి, తిరిగొచ్చిన మనిషిని కథకు పెట్టుకోవడం కూడా మంచి పని. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది రంగూను రేవులో మూటలు మోశారో, బియ్యం మిల్లుల్లో పనిచేశారో ఇవాళ్టి పిల్లలకు తెలియదు. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాక, ఓడ దొరకని వాళ్లంతా కొండలూ అడవులూ పట్టుకొని నడిచే వచ్చారు. దారిలోనే పోయినవాళ్లకు లెక్కలేదు. నీ మనిషి అలా పెళ్లాన్ని దారిలో పోగొట్టుకొని, చంటిబిడ్డను భుజాన వేసుకొని ఊరు చేరాడు. చీకటి పడ్డాక ఒడ్డున లాంతరు పట్టుకొని నిలబడ్డాడని ఊరు అతన్ని జపానువాడి మనిషి అన్నది. వెలివేసింది.

ఇంతవరకు నీ కలం తొణకలేదు. చివరి మూడు పేజీల్లో తొణికింది. పట్నం నుంచి పోలీసు అధికారి వస్తాడు, జేబులోంచి ఉత్తరం తీస్తాడు, ఈ మనిషికి జపానుతో ఏ సంబంధమూ లేదని అందరి ముందూ చదువుతాడు. కులపెద్ద కళ్ల నీళ్లు పెట్టుకుంటాడు. ఊరు తలవంచుకుంటుంది.

ఆ ఉత్తరం తీసెయ్ బిడ్డా. అది కథను ముగించడం లేదు, ఊరిని విడిపిస్తున్నది. ‘అయ్యో, పొరపాటు మనిషిని వెలివేశాం’ అని ఊరు అనుకుంటుంది. అంటే సరైన మనిషి దొరికితే వెలివేయడం తప్పు కాదన్నమాట. నీ పాఠకుడు కూడా అలాగే ఊపిరి పీల్చుకొని పుస్తకం మూసేస్తాడు. నేను నిన్ను అడుగుతున్నాను: ఒకవేళ అతను నిజంగానే లాంతరు ఊపి ఉంటే? అప్పుడు అతని బిడ్డకు పాలు పోయకపోవడం న్యాయమా? నీ కథ జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకు. పోలీసు ఉత్తరం ఈ ప్రశ్న అడగనివ్వదు.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన తెలివి కాదు. నకిరేకల్ వైపు ఒక పల్లెలో ఒక పెద్దమ్మ దగ్గర విన్నాను. పోలీసు యాక్షన్ అయిపోయిన తర్వాతి కాలం. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ పోయిందని జనం అనుకున్నారు. కానీ సంఘం వాళ్లు, అంటే కమ్యూనిస్టులు, తుపాకులు దించలేదు, 1951 అక్టోబరు దాకా పోరాటం నడిచింది. ఆ మూడేండ్లూ మన ఊళ్లలో దళానికి అన్నం పెట్టినవాళ్ల కోసం మిలిటరీ వెతికింది, మిలిటరీకి పేర్లు చెప్పినవాళ్ల కోసం దళం వెతికింది. ఆమె తండ్రిని, ఇంకో పదిమందిని క్యాంపుకు పట్టుకుపోయారు. మిగిలినవాళ్లు నెల తర్వాత ఒళ్లంతా వాతలతో వచ్చారు. ఆమె తండ్రి మర్నాడే వచ్చాడు. ఎందుకు వదిలారో ఎవరికీ తెలియదు. ఊరికి మాత్రం తెలిసిపోయింది.

అప్పుడు ఆమెకు పదేండ్లు ఉంటాయేమో. పొద్దున పొయ్యి రాజేయడానికి పిడక మీద నిప్పు తెచ్చుకోవడం ఆమె పని, ఎప్పుడూ పక్కింటికే పోయేది. ఆ రోజు పక్కింటామె పొయ్యి మండుతూనే ఉంది, పొగ బయటికి కనపడుతూనే ఉంది. ‘మా ఇంట్ల నిప్పు లేదు’ అని తలుపు దగ్గరికి వేసింది. ఆమె ఇంకో ఇంటికి పోయింది, అక్కడా లేదన్నారు. ఆ తర్వాత బతుకమ్మ పండుగ వచ్చింది. వాళ్లమ్మ గునుగు, తంగేడు తెచ్చి బతుకమ్మను పేర్చి నడిమిట్ల పెట్టింది. తియ్యమని ఎవరూ అనలేదు. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. వాళ్లమ్మకు అటూ ఇటూ మాత్రం ఒక్కో మనిషి పట్టేంత జాగా ఖాళీగా తిరిగింది. ఆట అయిపోయేదాకా ఆ జాగా నిండలేదట.

ఇదంతా చెప్పి ఆమె నాతో అన్నది: ‘మా నాయిన పేర్లు చెప్పిండో లేదో నాకిప్పటికీ తెల్వదు సారూ. చెప్పిండనే అనుకో. నేనేం చేసిన?’

ఈ మాట పక్కన నీ పోలీసు ఉత్తరాన్ని పెట్టి చూడు.

1948 చివర్లోనే ఇంకో పెద్ద ఎత్తున ఇలాంటిదే జరిగింది. రజాకార్లు చేసిన పాపానికి, ఏ పాపమూ తెలియని ముస్లిం ఇళ్లు బదులు చెల్లించాయి. సంస్థానం పడమటి జిల్లాల్లో, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో, అది ఊచకోత దాకా పోయింది. నెహ్రూ ప్రభుత్వం పంపగా అక్కడికి పోయి చూసి వచ్చిన సుందర్‌లాల్ కమిటీ, సంస్థానం మొత్తం మీద చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని రాసింది. ఆ నివేదికను ఎన్నో ఏండ్లు బయటపెట్టలేదు. అక్కడ ఎవడు రజాకారు, ఎవడు గాజులమ్ముకొనేవాడు అని విడదీసి చూసినవాళ్లు తక్కువ. నువ్వు అండమాన్ వైపు చదివితే ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. అక్కడ జపానువాళ్లే పాలకులు, అనుమానం ఇంగ్లీషువాడి గూఢచారుల మీద. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర ఆ అనుమానంతోనే 44 మంది మనవాళ్లను నిలబెట్టి కాల్చారు. నీ విశాఖ ఒడ్డున జపాను మనిషి అన్నారు, ఆ ఒడ్డున ఇంగ్లీషు మనిషి అన్నారు. వీటిని కథలో ఇరికించమని చెప్పడం లేదు. నీ మనసులో ఉంటే చాలు, రాసేటప్పుడు చెయ్యి తేలిక పడకుండా ఉంటుంది.

ఇక అనుమానం ఎలా మొదలవుతుందో చెప్తాను. నువ్వు దానికి ఒక దుర్మార్గుణ్ణి పెట్టావు, పడవల యజమాని. అతను పుకారు పుట్టించాడు, ఊరు నమ్మింది. అంత తేలిగ్గా జరగదు.

తొంభైల్లో నేను అచ్చంపేట అవతల, నల్లమల అంచున ఒక ఊళ్లో మాస్టరుగా ఉన్నాను. పగలు పోలీసులు, రాత్రి అన్నలు వచ్చే ఊరు. అక్కడ ఒక దర్జీ ఉండేవాడు, ఊరి నడుమ అరుగు మీద మిషను వేసుకొని కుట్టేవాడు. ఒకరోజు జీపు ఆగింది. కానిస్టేబుల్‌కు చొక్కా గుండీ ఊడిందట, కుట్టించుకున్నాడు. బీడీ తాగినంత సేపు. జీపు పోయింది. దసరా ముందు రోజులు అవి, బట్టలు కుప్పలుగా పడే కాలం. మర్నాటి నుంచి ఒక్కొక్కరే వచ్చి, ‘పిల్లగాడు పట్నం నుంచి రెడీమేడ్ తెస్తనన్నడు’ అని కత్తిరించని గుడ్డను తీసుకుపోయారు. ఒక్కరు తిట్టలేదు. ఇన్‌ఫార్మర్ అనే మాట ఒక్కరి నోటా రాలేదు. అతను రోజూ వచ్చి, మిషను తుడిచి, నూనె వేసి, పొద్దుగూకేదాకా కూర్చొని పోయేవాడు. ఎవరూ దుర్మార్గులు కారు. ప్రతి ఇంట్లోనూ భయం ఉంది, రేపు తమ గుమ్మం ముందు జీపు ఆగితే తమ గతి ఏమిటని. అతనితో తెగతెంపులు చేసుకుంటే తాము గట్టెక్కుతామని ఎవరికి వాళ్లు అనుకున్నారు.

నీ లాంతరు కూడా అలాంటిదే. వేటకు పోయినవాళ్లు చీకట్లో ఒడ్డు గుర్తుపట్టడానికి ఎవరో ఒకరు దీపం పట్టుకొని నిలబడటం ఆ పల్లెలో కొత్తదా? నిన్నటిదాకా ప్రతి ఇల్లాలూ చేసిన పనే. దీపాలు ఆర్పమని సర్కారు చెప్పిన మర్నాటి నుంచి అది నేరమైంది. కాబట్టి పడవల యజమాని కంటే ముందు లాంతరు దగ్గర ఆగు. మొన్నటిదాకా లాంతరు పట్టుకున్న ఆడవాళ్లు అతన్ని చూసి ఏమనుకున్నారో రాయి. యజమానిని తీసెయ్యమనను. లాభపడ్డవాడు ఎప్పుడూ ఉంటాడు. వెలిపడ్డవాడి పడవ వాటా, కౌలు చెలక ఎవరి చేతికి పోయిందో చూడకుండా ఏ వెలి కథా పూర్తికాదు. కానీ అతన్ని ముందు నిలబెట్టకు. వెనక నుంచి మెల్లగా వచ్చి వాటా తీసుకోనివ్వు.

వెలివేయడం అన్న మాట నువ్వు పదే పదే వాడావు. ఆ మాట తగ్గించు, పనులు చూపించు. అలివి వలను ఒడ్డుకు లాగడానికి ఎంతమంది చేతులు కావాలో నువ్వే చూశానన్నావు. ఆ తాడు మీద అతని చేతికి చోటు దొరకలేదని రాస్తే చాలు. మన ఊళ్లలో అయితే చాకలి, మంగలి రావడం మానేస్తారు, చేదబావి దగ్గర బొక్కెన అందివ్వరు, చావు జరిగితే డప్పు మోగదు, పాడె మోయడానికి నలుగురు కుదరరు. మీ అత్తగారి ఊళ్లో వీటికి సాటివి ఏమిటో అడిగి తెలుసుకో. ‘ఎవరిని వెలివేశారు’ అని అడగకు, ఎవరూ చెప్పరు. ‘పెండ్లికి ఎవరికి చెప్పేవాళ్లు కాదు?’ అని అడుగు. ‘ఎవరి ఇంట్లో మంచినీళ్లు తాగేవాళ్లు కాదు?’ అని అడుగు. ముసలివాళ్లు చెప్తారు. చెప్పినదాన్ని రాసేటప్పుడు పేరు మార్చు, కులం మార్చు, ఇల్లు మార్చు. మనవళ్లు అదే వీధిలో ఉంటారు, నీ కథ అచ్చయ్యాక వాళ్లను మళ్లీ ఎవరూ వేలెత్తి చూపకూడదు.

ఇంకొకటి. రాత్రిపూట దొంగచాటుగా గంజి తెచ్చి ఇచ్చే ముసలమ్మను పెట్టావు. చక్కగా రాశావు, అందుకే చెప్పడానికి కష్టంగా ఉంది. చదివే ప్రతివాడూ తనను ఆ ముసలమ్మగానే ఊహించుకుంటాడు. నేనైతే గంజి ఇచ్చేవాణ్ణే అనుకుంటాడు. ఇవ్వడు బిడ్డా, మనలో ఎక్కువమందిమి ఇవ్వం. ఆమెను ఉంచాలనుకుంటే ఒక్క రాత్రి గంజి తెచ్చి, రెండో రాత్రి రాకుండా ఆపెయ్. ఆమె ఎందుకు ఆగిందో చెప్పు, ఎవరు ఏమన్నారో చెప్పు, లేదా ఎవరూ ఏమీ అనకుండానే ఆగిందని చెప్పు. పాఠకుడు అక్కడ తప్పించుకోలేడు.

అప్పుడు కథ ఎలా ముగుస్తుంది అంటావు. ఊరు క్షమాపణ అడగదు, నేను ఎక్కడా చూడలేదు. ఆ దర్జీ దగ్గరికి ఏడాది దాటాక ఎవరో బడిపిల్లల యూనిఫాం గుడ్డ తెచ్చారు. ‘కొలతలు తీస్కో’ అన్నారు. తీసుకున్నాడు. తర్వాత ఇంకొకరు వచ్చారు. మధ్యలో పోయిన ఏడాది గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, అతను కూడా అడగలేదు. కానీ అతని పెద్దకొడుకు మాత్రం పదో తరగతి కాగానే హైదరాబాదు పోయాడు, పండుగకు కూడా ఊరికి రాడు. నీ మనిషి చంటిబిడ్డ కూడా పెరుగుతాడు కదా, 1942 తర్వాత ఆ పల్లెలోనే. వాడు వల తాడు పట్టుకునే వయసుకు వచ్చేసరికి యుద్ధం ఎప్పుడో ముగిసి ఉంటుంది. వాడికి ఏ చోటు ఇచ్చారు, వాడు ఆ చోట నిలబడ్డాడా లేదా, నాకైతే అక్కడిదాకా చదవాలని ఉంది.

పోలీసు అధికారిని, ఉత్తరాన్ని, కులపెద్ద కన్నీళ్లను కొట్టేసి మళ్లీ రాసి పంపు. సంక్రాంతి లోపు అయితే మంచిది, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్లు చదవనివ్వరు. మీ అత్తమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ సారు
నల్లగొండ