ఫ్యోర్డ్ గుర్రం జూలు పుట్టుకతోనే అలా నిలబడి ఉంటుందా?

మీరు అడిగినవి మూడు: నార్వేకు చెందిన ఫ్యోర్డ్ జాతి గుర్రాల ఫొటోల్లో జూలు మధ్య కనిపించే నల్లచార రంగు వేసిందా, జూలు అలా నిక్కబొడుచుకుని ఉండటం సహజమా, ఇంతకీ అది గుర్రమా, లేక ‘పోనీ’ అనే పొట్టిరకమా. రంగేమీ వేయరు, చార పుట్టుకతో వచ్చిందే. జూలును నిలబెట్టేది మాత్రం కత్తెర. మూడోదానికి జవాబు చూసేవాళ్ళను బట్టి మారుతుంది. పోటీల్లో మూపు దగ్గర 148 సెంటీమీటర్ల లోపు ఎత్తు ఉన్నదాన్ని పోనీ కిందే లెక్కేస్తారు. ఈ జాతిలో చాలావరకు 135 నుంచి 150 మధ్యే ఉంటాయి కాబట్టి కొలిస్తే ఎక్కువ భాగం పోనీలే. ఇక్కడ నార్వేలో మాత్రం ఎవరూ అలా అనరు, అందరికీ అది గుర్రమే.

మేం బెర్గెన్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి స్వారీ నేర్చుకునే చోట దాదాపు అన్నీ ఈ జాతి గుర్రాలే. పిల్లను దింపేసి కారెక్కి వెళ్ళిపోతే అక్కడ కుదరదు. లద్దె ఎత్తాలి, మాలీషు చేయాలి, గడ్డి వేయాలి. అలా అలవాటై ఇప్పుడు జూలు కత్తిరించే పని చాలాసార్లు నాకే అప్పజెబుతున్నారు.

ముందు ఒంటి సంగతి. మన పెళ్ళి ఊరేగింపుల్లో కనిపించే సన్నకాళ్ళ గుర్రాన్ని మర్చిపోండి. ఇది 400 నుంచి 500 కిలోల బరువు తూగుతుంది, అదంతా పొట్టి కాళ్ళ మీదే. వెడల్పు ఛాతీ, గుండ్రటి నడుము, దట్టమైన మెడ, నల్లటి గట్టి గిట్టలు. తల పొట్టిగా, నుదురు విశాలంగా, చెవులు చిన్నగా ఉంటాయి. మూపు మరీ ఎత్తుగా ఉండదు, నడుమేమో గుండ్రం, దాంతో జీను పక్కకు జారుతుంది. ఎక్కే ముందు ఒకసారి, నాలుగడుగులు నడిపించాక ఇంకోసారి పట్టీ బిగించకపోతే పిల్లలు జీనుతో సహా కిందికి వస్తారు.

పశ్చిమ నార్వేలో పొలాలంటే కొండవాలు మీద చిన్న చిన్న ముక్కలు. దున్నాలన్నా, గడ్డి మోయాలన్నా, అడవిలోంచి దుంగలు లాగాలన్నా, ఆదివారం చర్చికి వెళ్ళాలన్నా ఇంటికి ఉన్నది ఒకే గుర్రం. ఈ ఆకారం ఆ పనికి తగ్గట్టు వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంకా పెద్దది కావాలని డోలే అనే మరో నార్వే గుర్రం జాతితో కలిపి చూశారు. ఫలితం నచ్చక 1907లో ఆ సంకరాన్ని ఆపేశారు. ఇప్పుడున్న ఫ్యోర్డ్ గుర్రాలన్నిటి వంశం 1891లో పుట్టిన న్యోల్ అనే మగగుర్రం దగ్గరికి వెళ్తుంది.

రంగులు అయిదు. పదింటిలో తొమ్మిది మీరు ఫొటోలో చూసిన లేత గోధుమవన్నెవే, వాటికి చార నల్లగా గానీ ముదురు గోధుమగా గానీ ఉంటుంది. ఎర్రజీర ఉన్నవి, బూడిదవి, దాదాపు తెల్లగా కనిపించేవి, లేత పసుపువి తక్కువ. పసుపు వాటిలో అయితే చార ఒక్కోసారి వెతుక్కోవాల్సినంత లేతగా ఉంటుంది. ఆ చార జూలుకు మాత్రమే ఉన్నది కాదు. నుదుటి కుచ్చులో మొదలై మెడ మీదుగా వెన్నెముక పొడుగునా తోక దాకా పోతుంది. కాళ్ళ మీద కూడా అడ్డగీతలు ఉంటాయి. టీబీఎక్స్3 అనే జన్యువు దీనికి మూలం. దాని వల్ల ఒంటి మీది వెంట్రుకలో ఒక పక్కకే రంగు చేరుతుంది, అందుకే ఒళ్ళు లేతగా కనిపిస్తుంది. చార మీది వెంట్రుకల్లో మాత్రం నిండా రంగు ఉంటుంది.

ఇక జూలు. వదిలేస్తే అదీ మామూలు గుర్రం జూలులాగే బారుగా పెరిగి, తన బరువుకు తనే ఒరిగిపోతుంది. ప్రెవాల్‌స్కీ అనే అడవి గుర్రానికి జూలు సహజంగానే నిలబడుతుంది, దాన్ని చూసి ఫ్యోర్డ్ గుర్రానిదీ అలాంటిదే అనుకుంటారు చాలామంది. ఫ్యోర్డ్ గుర్రం వెంట్రుక బిరుసు, ఒత్తు కూడా ఎక్కువ. అందుకని పొట్టిగా కోస్తే నిలుస్తుంది, అంతే. కోసిన రోజున అరచేత్తో రాస్తే వరి మోళ్ళ మీద చెయ్యి పెట్టినట్టు గుచ్చుకుంటుంది.

కోసే ముందు రోజు కడిగి ఆరనిస్తాం. జిడ్డుంటే వెంట్రుకలు గుత్తులుగా అంటుకుని కత్తెరకు లొంగవు. గుర్రం తల మామూలు ఎత్తులో ఉండాలి, గడ్డి కోసం వంగనివ్వకూడదు. వంగితే మెడ సాగి వెంట్రుకలు విచ్చుకుంటాయి, అప్పుడు సమంగా కోసినా తల ఎత్తగానే మెట్లు మెట్లుగా తేలుతుంది. కాబట్టి ఒకరు హాల్టర్, అంటే తలకు కట్టే పట్టీ పట్టుకోవాలి, ఒకరు కొయ్యాలి. మూపు దగ్గర పొట్టిగా మొదలుపెట్టి, మెడ నడిమికి ఎత్తు పెంచి, చెవుల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తగ్గిస్తూ ముందు రెండు పక్కల తెల్ల వెంట్రుకలు కోస్తాం. తర్వాత నల్లచారను పైకి దువ్వి, తెల్లదానికన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తు ఉంచుతాం. అలా ఉంచితేనే చార విడిగా కనిపిస్తుంది. ప్రతి రెండు మూడు కోతలకూ వెనక్కి పది అడుగులు వేసి చూడాలి, పక్కనే నిలబడితే వంకర తెలియదు. కొందరు చారలో పళ్ళు, అలలు చెక్కిస్తారు. నాకది నచ్చదు, మెడ వంపు పోయి డిజైన్ మిగులుతుంది. తోకను పక్కలు సరిచేసినా పొడవు మాత్రం ఉంచుతారు.

నెలన్నర దాటితే జూలు కొసలు పక్కకు వాలడం మొదలవుతుంది. ఎప్పుడో వదిలేసి ఒక పక్కకు పడిపోయిన జూలును ఒక్క కోతతో నిలబెట్టలేం. బాగా పొట్టిగా కోసి, పెరుగుతుంటే పైకి దువ్వుతూ మళ్ళీ మళ్ళీ కోయాలి. వేసవిలో ఈగలు, దోమలు కుట్టి దురద పుట్టే గుర్రాలు జూలును కంచెకు రుద్దుకుని మధ్యలో బట్టతల తెచ్చుకుంటాయి. అలాంటప్పుడు కత్తెర పక్కన పెట్టి పురుగులు ఆనకుండా ఒళ్ళంతా కప్పే గుడ్డ వేయడమే దారి.

మీరు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చి ఒకదాన్ని కొనే ఆలోచనలో ఉంటే మాత్రం జూలు అందం చూసి మెడకు మార్కులు వేయకండి. సన్నటి మెడకు జూలు కాస్త ఎత్తుగా ఉంచితే నిండుగా కనిపిస్తుంది, లావు మెడకు పొట్టిగా కోస్తే తగ్గినట్టు కనిపిస్తుంది. అమ్మేవాళ్ళకు ఇది బాగా తెలుసు. జూలు మొదట్లో వేళ్ళు పెట్టి మెడ అంచును పట్టుకుని అటూ ఇటూ కదపండి. మెత్తగా కదిలితే ఫర్వాలేదు. గట్టిగా, కదలకుండా ఉంటే అది కండ కాదు, కొవ్వు. కొంచెం మేతకే ఒళ్ళు చేసే జాతి ఇది, వసంతంలో పచ్చగడ్డి మీద వదిలేస్తే గిట్టల లోపల వాపు వచ్చి నడవలేని స్థితికి వస్తుంది. మా దగ్గర అలా మెడ గట్టిపడిన వాటికి మూతికి జల్లెడ బుట్ట కట్టి మేతకు వదులుతారు, ఎండుగడ్డి కూడా తూకం వేసే పెడతారు.