ఓడీ లిమిట్ 20 నుంచి 14 లక్షలకు తగ్గించారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మధిర దగ్గర మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా లిమిట్ దాకా వాడుకునే అప్పు) 20 లక్షలు, ఏళ్ల తరబడి వాడుతున్నాం, ఒక్క నెల కూడా వడ్డీ ఆపలేదు. ఈసారి రెన్యువల్‌లో కొత్త మేనేజర్ 14 లక్షలకు తగ్గించారు. వాడకంలో 18.6 లక్షలు ఉన్నాయి. మూడు నెలల్లో సర్దుకోమని నోటిమాటగా చెప్పారు. డిస్ట్రిబ్యూటర్లకు రాబోయే తేదీలు వేసి చెక్కులు ఇచ్చేశాను. జీఎస్టీలో అమ్మకాలు కోటి దాకా చూపిస్తున్నాం. రైతుల నుంచి రావాల్సింది 16 లక్షలు, అందులో 9 లక్షలు పాత బాకీ. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేద్దామని బావమరిది అంటున్నాడు. ఇంట్లో బంగారం కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చెక్కుల సంగతి చూడండి, మేనేజర్ సంగతి తర్వాత. లిమిట్ 14 అయిన క్షణం నుంచి మీ ఖాతాలో తీయడానికి రూపాయి లేదు, పైగా 4.6 లక్షలు ఎక్కువ వాడినట్టు లెక్క. కాబట్టి మీరిచ్చిన ఏ చెక్కు బ్యాంకుకు వచ్చినా తిరిగిపోతుంది. ఎవరికి, ఎంతకి, ఏ తేదీకి ఇచ్చారో ఇవాళే కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి విషయం ఉన్నదున్నట్టు చెప్పండి, తేదీ జరపమనండి. పరువు పోతుందని ఆగొద్దు, చెక్కు బౌన్స్ అయ్యాక పోయే పరువు ఇంకా ఎక్కువ. చెక్కు బౌన్స్‌కు సంబంధించిన సెక్షన్ 138 కింద నోటీసు వస్తే, అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు దాకా వెళ్తుంది. సీజన్‌లో సరుకిచ్చేది కూడా ఆ డిస్ట్రిబ్యూటరే కదా.

ఇక 14 అనే అంకె. కొత్త మేనేజర్ కక్ష కట్టాడని మీకు అనిపిస్తున్నట్టుంది గానీ, నాకైతే ఇందులో కక్ష కన్నా క్యాలిక్యులేటరే కనిపిస్తోంది. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు నాయక్ కమిటీ (రిజర్వ్ బ్యాంక్ వేసిన కమిటీ) పద్ధతిలో అంచనా టర్నోవర్‌లో, అంటే ఏడాది అమ్మకాల్లో, 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా (వ్యాపారం రోజువారీ నడవడానికి కావాల్సిన డబ్బుగా) ఇస్తాయి. కోటికి 20 శాతమంటే మీ పాత లిమిట్ 20 లక్షలు. 14 లక్షలు రావాలంటే టర్నోవర్ 70 లక్షలు అయి ఉండాలి. ఆ 70 ఎక్కడిది? ఓడీ ఖాతాలో ఏడాది మొత్తం పడిన జమలు కూడి చూడండి, నా అంచనా ప్రకారం అది అక్కడే దొరుకుతుంది. కౌంటర్ మీద పెట్టిన ఫోన్‌పే క్యూఆర్ ఏ ఖాతాకు లింకైంది? చాలా దుకాణాల్లో అది యజమాని సేవింగ్స్ ఖాతాకో, అబ్బాయి ఖాతాకో ఉంటుంది. మీ అమ్మకాల్లో 30 లక్షలు అలా పక్కకు పోతే బ్యాంకు దృష్టిలో మీ వ్యాపారం పడిపోయినట్టే.

రెండో కారణం ఆ 9 లక్షల పాత బాకీ. మిర్చి అమ్మగానే ఇస్తామని రైతు తీసుకెళ్తాడు, ధర లేదని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, మీ పద్దు అలాగే ఉంటుంది. ఈ వ్యాపారంలో అది మామూలే, కానీ బ్యాంకు చూసే తీరు వేరు. మీరు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో (సరుకు, బాకీల లెక్క) 90 రోజులు దాటిన బాకీలను చాలా బ్యాంకులు అసలు లెక్కలోకే తీసుకోవు. మిగిలిన సరుకు, బాకీల్లోంచి మీరు కంపెనీలకు ఇవ్వాల్సింది తీసేసి, ఓ 25 శాతం మార్జిన్ కోసి డ్రాయింగ్ పవర్ (మీరు నిజంగా ఎంత వాడుకోవచ్చో ఆ మొత్తం) కడతాయి. ఆ స్టేట్‌మెంట్ మీరే నింపుతున్నారా, గుమాస్తా పోయిన నెలది కాపీ కొట్టి ఇస్తున్నాడా? ఒకసారి చూడండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. మేనేజర్ మూడు నెలలన్నారు, కానీ కంప్యూటర్‌కు నోటిమాటలు వినపడవు. సిస్టమ్‌లో లిమిట్ 14 అని ఎక్కితే, బ్యాలెన్స్ దానికి మించి వరసగా 30 రోజులు దాటగానే ఖాతా ఎస్ఎంఏ (ఇబ్బందిలో పడుతున్న ఖాతా) కింద గుర్తింపు పొందుతుంది, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ). వడ్డీ సక్రమంగా కడుతున్నా సరే. అప్పుడు లిమిట్ తగ్గడం కాదు, తాకట్టు పెట్టిన ఇంటి మీదికే వస్తుంది. అందుకే అడగాల్సింది "సార్, కొంచెం చూడండి" అని కాదు. తగ్గించడానికి కారణం రాతలో ఇవ్వమనండి, దాంతోపాటు ఈ రెండింట్లో ఒకటి చేయమని లెటర్ ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి: నెలకు కొంత చొప్పున లిమిట్ మెట్లుమెట్లుగా దించడం, లేదా ఆ 4.6 లక్షలను వర్కింగ్ క్యాపిటల్ టర్మ్ లోన్‌గా విడగొట్టి వాయిదాలు పెట్టడం.

నాకు రెండోదే నచ్చుతుంది, ఎందుకో లెక్క చూడండి. 11 శాతం వడ్డీతో మూడేళ్లకు పెడితే వాయిదా దాదాపు 15 వేలు, మూడేళ్లకు అప్పు తీరిపోతుంది. బావమరిది చెప్పిన మూడు రూపాయల వడ్డీ నెలకు 13,800, అసలు అలాగే నిలబడి ఉంటుంది. ఆయన మంచికే చెప్పి ఉంటారు గానీ, ఎరువుల మీద మిగిలే మార్జిన్‌తో 36 శాతం వడ్డీ కట్టగలిగే దుకాణం నేను చూడలేదు. ఫోన్‌లో వచ్చే ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల జోలికైతే అసలు పోవద్దు.

మేనేజర్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్లొద్దు. ఏడాది జీఎస్టీఆర్ 3బీలు (జీఎస్టీ రిటర్నులు), ఐటీ రిటర్న్, ఆ క్యూఆర్ డబ్బు పడిన ఖాతా స్టేట్‌మెంట్, తేదీల వారీగా బాకీల జాబితా పట్టుకెళ్లండి. పక్కకు పోయిన 30 లక్షలు ఇవిగో, ఇకనుంచి మొత్తం ఈ ఖాతాలోనే పడతాయి అని చెప్పి, క్యూఆర్ మార్చిన రుజువు చూపించండి. దాంతో 20 మళ్లీ రాకపోయినా ఆర్నెల్ల తర్వాత సమీక్ష చేయమని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. నాకు తెలిసి ఈ మాట అడిగేవాళ్లు తక్కువ, అడిగితే రాసిచ్చే మేనేజర్లు ఉన్నారు.

బంగారం అమ్మొద్దు. తేదీ జరపడానికి ఒప్పుకోని డిస్ట్రిబ్యూటర్ల చెక్కులు మొత్తం ఎంతో, అంత వరకే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోండి, మిర్చి డబ్బు రాగానే విడిపించేలా. ఓడీ తేడా మొత్తం దాంతో పూడ్చాలని చూడొద్దు. పాత బాకీల విషయంలో కొంచెం గట్టిగా ఉండక తప్పదు. 9 లక్షల్లో ఎవరు ఇవ్వగలరో మీకు తెలుసు, అలాంటి వాళ్లకు వడ్డీ వదిలేసి అసలు ఈ నెలలో ఇమ్మని అడగండి. పాత పద్దు తీరేదాకా కొత్త ఉద్దెర ఇవ్వకండి, పక్క దుకాణానికి పోతారన్న భయం ఉంటుంది, పోనివ్వండి.

రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఫిర్యాదు చేస్తే లిమిట్ వెనక్కి వస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. ఎంత అప్పివ్వాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అందులో అంబుడ్స్‌మన్ తలదూర్చడు. కానీ షరతులు మార్చే ముందు మీకు చెప్పలేదనో, జరిమానా చార్జీ వేసి దాన్ని అసలులో కలిపి మళ్లీ దాని మీద వడ్డీ వేశారనో తేలితే (2024 ఏప్రిల్ నుంచి అలా చేయకూడదు), ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే అప్పుడు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చేం ఉండదు.

బ్యాంకు మారే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. కొత్త బ్యాంకు అడిగేది కూడా ఇదే ఖాతా స్టేట్‌మెంట్, అందులో లిమిట్ దాటిన 4.6 లక్షలే ముందు కనిపిస్తాయి. ఆర్నెల్లు అమ్మకాలన్నీ ఈ ఖాతాలో తిప్పి, ఈలోగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) లేకపోతే చేయించుకుని (ఉచితమే, ఏజెంటుకు డబ్బులివ్వకండి), అప్పుడు రెండు మూడు చోట్ల అడగండి. సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర) ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, ఈ గొడవ అందులో ఎలా ఎక్కిందో చూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.